కారెక్కిన తోటి టీచరు దగ్గర పెట్రోలు డబ్బులు అడగడం తప్పా?

ఆత్మకూరు రూటు (చర్చ మొదలుపెట్టినవారు)

నెల్లూరులో ఉంటా. ఆత్మకూరు రూట్లో సంగం దాటినాక ఒక హైస్కూల్లో పని. పోను రాను 96 కిలోమీటర్లు. రెండేళ్ళుగా నా కారులో నలుగురం పోతున్నాం. నేను, మా స్కూలు సోషల్ సారు, పక్క ఊరి స్కూల్లో చేసే ఇద్దరు మేడమ్‌లు.

కారు లీటరుకి పదహారు ఇస్తుంది, రోజుకి ఆరు లీటర్లు. మన దగ్గర ఈ 2025లో లీటరు 110కి పైసలు అటూ ఇటూ. అంటే రోజుకి 660. వాళ్ళు ముగ్గురూ తలా 160 ఇస్తే మిగిలిన 180 నాది. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టా. ఎక్కినరోజు టిక్కు, నెలాఖరుకి టిక్కులు లెక్కపెట్టి ఫోన్‌పే. ఏ గొడవా లేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి, అదే ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో ఫ్రీ, మొదలైంది. సెప్టెంబరు మొదటి వారంలో మేడమ్‌లిద్దరూ "ఏమనుకోకండి సార్" అని బస్సుకి మారిపోయారు. ఏమనుకుంటాం! నెలకి నాలుగు వేల దాకా మిగిలే చోట నేనైనా అదే చేస్తా. ఇప్పుడు ఉండేది నేనూ, సోషల్ సారూ. 660ని సగం చేస్తే 330. మరీ ఎక్కువని 250 ఇమ్మన్నా. దానికి ఆయన అన్న మాట ఇదీ: "పెట్రోలు రేటు పెరగలేదు గదా, నా రేటెందుకు పెరగాల? అయినా నేనెక్కినా ఎక్కకపోయినా నీ కారు పోవాల్సిందే గదా."

ఆ మాటకి నాకు నోరు పెగల్లేదు. దారిలో బుచ్చిరెడ్డిపాళెంలో (మాకు బుచ్చి) ఇడ్లీకి ఆగితే టిఫిన్ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనీకుండా ఆయనే ఇచ్చాడు. అది ఇంకా కష్టంగా ఉంది. అడగడం నా తప్పా?

లెక్కల మాష్టారు

తప్పేం లేదు సార్. మీ సోషల్ సారు చెప్పింది వినడానికి బాగుంది గానీ, అదే మాట మీరూ అనొచ్చు: "నేనున్నా లేకున్నా నువ్వు స్కూలుకి పోవాల్సిందే గదా." కారు లేకపోతే ఆయనకి బస్సు, ఆటో, చివర్లో ఎవరో ఒకరి బండి వెనక. మీరు ఆయనకి మిగిల్చేది పెట్రోలు కాదు, పొద్దున ఒక గంట.

పెట్రోలొక్కటే ఖర్చనుకోవడం ఇంకో పొరపాటు. నా కారు లెక్క చెప్తా. నాలుగు టైర్లు 20 వేలు, 40 వేల కిలోమీటర్లు వచ్చాయి. కిలోమీటరుకి అర్ధరూపాయి. పదివేల కిలోమీటర్లకి ఒక సర్వీసు, ఆరున్నర వేలు. అది 65 పైసలు. రెండూ కలిపి రూపాయి పదిహేను. మీ 96 కిలోమీటర్లకి 110 రూపాయలు. బ్యాటరీ, ఇన్సూరెన్సు, గీతలు ఇందులో లేవు. మీ అసలు ఖర్చు రోజుకి 770. అందులో ఆయన 250 ఇస్తే మీరు 520 పెట్టుకుంటున్నారు. ఇంక మొహమాటం దేనికి?

బుచ్చి బాబాయ్

ఏంది సామీ, మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని టైరు అరుగుదల కూడా లెక్కేస్తారా! రేపు ఆయన నీ కారులో తుమ్మితే దానికీ ఒక టిక్కు పెడతారా?

మా నాయన ఎడ్లబండి తోలేవాడు. దారిలో ఎవరు కనపడినా ఎక్కించుకునేవాడు. ఎవుర్నీ గడ్డి డబ్బులు అడగలా.

లెక్కల మాష్టారు

బాబాయ్, ఆ గడ్డి మీ పొలంలో మొలిచింది. పెట్రోలు నా పెరట్లో మొలిస్తే నేనూ అడగను.

తడ లారీ

నేను లారీ తోల్తా. మీ తగువులో అసలు దొంగ ఇంకోడు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో 13 శాతం, దాని మీద లీటరుకి 11.52 రూపాయలు. అందుకే తడ దాటి ఆరంబాకంలోకి పోతే లీటరు మీద ఎనిమిది తొమ్మిది రూపాయలు తేడా. డీజిలుకీ తేడా ఉండాది కాబట్టి మేం ఇటువైపు బంకుల్లో అవసరానికే పోయించి, ఫుల్ ట్యాంకు అటుపక్క కొట్టిస్తాం. మీ 660లో రాష్ట్రానికే 180 దాకా పోతోంది, ఢిల్లీకి ఇంకో 130. ఆ ఇద్దరూ కారు ఎక్కకుండానే మీకంటే ఎక్కువ తీసుకుంటన్నారు. మీరేమో సోషల్ సారు దగ్గర తొంభై రూపాయలకి కొట్లాడుకుంటన్నారు.

ఆత్మకూరు రూటు

అన్నా, నిజమే. కానీ ఆ ఇద్దర్నీ కారులోంచి దింపలేను.

జీరో టికెట్

నేను ఆ మేడమ్‌ని కాదు గానీ, అట్టాంటి మేడమ్‌నే. నెల్లూరు నుంచి ఇంకో రూట్లో పోతా. కారు మానేసి పల్లెవెలుగు ఎక్కుతున్నా. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. సుఖంగా ఉందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఆరూ యాభైకి బస్టాండులో ఉండాలి, సగం దూరం నిలబడాలి, క్యారియరు ఒకరి మోకాలికి, బ్యాగు ఇంకొకరి తలకి. 2022 నుంచి ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయాల్సి వచ్చాక, బస్సు టైరు పంచరైందంటే యాప్ వినదు. అయినా ఎందుకు పోతున్నానంటే, ఆ నెలకి మిగిలే డబ్బుతో మా పాప ట్యూషన్ ఫీజు గడుస్తోంది.

ఇంకోటి చెప్పాలి. కారులో ఉన్నంతకాలం నేను డబ్బులిచ్చాను గానీ, ఏసీ వేయమని ఒక్కసారి అడగలేకపోయాను. పాటలు ఆయన ఇష్టం. బయల్దేరే టైము ఆయన ఇష్టం. శనివారం ఆయనకి బ్యాంకులో పనుంటే మేం ముగ్గురం బ్యాంకు బయట. సమానంగా డబ్బులు తీసుకునే కారులో సమానంగా మాట కూడా చెల్లాలి గదా! చెల్లదు. లెక్కల మాష్టారి లెక్కలో ఈ కాలమ్ లేదు.

లెక్కల మాష్టారు

ఒప్పుకుంటున్నా మేడమ్. అయితే నా లెక్క మారుస్తా. పెట్రోలు మాత్రం సమానంగా పంచుకోవాలి. టైర్లు, సర్వీసు ఓనరు మీదే వేయాలి. స్టీరింగూ, పాటలూ ఆయన చేతిలో ఉన్నందుకు అది ఆయన కట్టే అద్దె అనుకుందాం. అంటే ఆత్మకూరు సార్ 330 అడగొచ్చు, 250 అంటే ఇంకా తగ్గించి అడిగినట్టే.

పాలసీ పుల్లయ్య (ఇది నా పేరు కాదు, ఆఫీసులో పెట్టిన పేరు)

వాహన బీమా పనిలో ఉన్నా. ప్రైవేటు కారు పాలసీ కాగితం తీసి "వాడుక పరిమితులు" అన్నచోట చదవండి. కిరాయికి వాడితే బీమా వర్తించదని ఉంటుంది. ఖర్చు పంచుకోవడం వేరు, తలకి ఇంత అని రేటు కట్టి లాభం చూసుకోవడం వేరు. టైర్లు, అరుగుదల, ఇంకొంచెం అంటూ పెంచుకుంటూ పోయారనుకోండి, ఏదన్నా జరిగిన రోజు కంపెనీవాళ్ళకి సందు దొరుకుతుంది. అందుకని లెక్కల మాష్టారు రెండోసారి చెప్పిందే మంచిది. పెట్రోలు వరకే ఆగండి.

పెద్దోళ్ళ బడి 

మధ్యలో దూరుతున్నందుకు తిట్టుకోవద్దు. మాది మీరు పాఠాలు చెప్పే ఊళ్ళాంటి ఊరే. పిల్లోడు తొమ్మిది చదువుతున్నాడు. మా ఊళ్ళో రెండున్నర వేలకి మంచి డాబా ఇల్లు దొరుకుద్ది. ముందు వేపచెట్టు కూడా ఉంటది. మీరందరూ నెలకి ఇన్ని వేలు బంకులో పోసేదానికంటే, ఈడ్నే ఉండొచ్చు గదా? సాయంత్రం నాలుగైతే అందరి చూపూ కారు వైపే.

ఆత్మకూరు రూటు

మీ మాట కొట్టిపారేయను. నా భార్య నెల్లూరులో ఉద్యోగం, ఇద్దరు పిల్లల చదువులూ అక్కడే.

పెద్దోళ్ళ బడి

అదే నేననేది. మీ పిల్లల చదువు నెల్లూళ్ళో. మా పిల్లల చదువు మీ కాడ.

బుచ్చి బాబాయ్

తగిలింది!

ఒంగోలు బ్యాచి

మాది ఒంగోలు-పొదిలి రూటు. మేం మూడేళ్ళు ఈ గొడవలన్నీ పడ్డాం కాబట్టి చెప్తున్నా. మేం నలుగురం వారానికొక కారు తీస్తాం. ఎవరి వారం వాళ్ళే పెట్రోలు కొట్టించుకోవాలి, రూపాయి చేతులు మారదు. మొదటి నెల పెళ్ళివారిలా ఉన్నాం. రెండో నెల నుంచి మొదలు. ఒకాయనది డీజిలు, ఇరవై రెండు ఇస్తుంది. ఇంకొకాయనది పాత పెట్రోలు బండి, పన్నెండు దాటదు. "నా వారంలో రోజుకి ఎనిమిది వందలు అవుతుంటే నీ వారంలో నాలుగొందలా" అని పేచీ. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండ్లకి మైలేజీ 3 నుంచి 6 శాతం దాకా తగ్గొచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. మా వాడు ఇరవై శాతం తగ్గిందంటాడు. చూస్తే రెండు టైర్లలో గాలి లేదు. గాలి కొట్టించాక ఆయన కారు పద్నాలుగుకి వచ్చింది, ఇథనాల్ సంగతి మళ్ళీ ఎత్తలా.

ఇప్పుడు ఎట్టా చేస్తున్నామంటే, డీజిలాయన మూడు వారాలకొకసారి, పాత బండాయన అయిదు వారాలకొకసారి తీస్తారు. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. అందుకే నిలబడింది.

వెనక సీటు

రెండు రోజులుగా చదువుతూ కూర్చున్నా. ఆ సోషల్ సారుని నేనే.

మా సారు మంచోడు. ముందు అది చెప్పి తర్వాత మాట్లాడతా. 250 నాకు బరువు కాదు, 330 అన్నా ఇస్తా. రేటు 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గిన కాడ్నించి బంకులో కదల్లేదు, ఈయన మాత్రం పెంచాడని నోరు జారాను, అది నిజమే. అసలు సంగతి వేరు. ఆగస్టులో ఒకరోజు మా అత్తకి బాగాలేదని ఫోనొస్తే పొద్దున బుచ్చిలోనే దిగిపోయి, ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చేశా. ఆ నెలాఖరున నోటుబుక్కు చూస్తే ఆ రోజుకి నా పేరు ఎదురుగా నిండు టిక్కు. సగం కూడా కాదు. అడగాలంటే నూట అరవై రూపాయల కోసమా అని సిగ్గు. అడక్కుండా ఉంటే కడుపులో మంట. అప్పట్నించి ఆ అర తెరుచుకున్నప్పుడల్లా నేను కిటికీ వైపు తిరుగుతున్నా. ఆయన 250 అన్నప్పుడు నాకు వినపడింది 250 కాదు, ఆ టిక్కు.

ఆత్మకూరు రూటు

సార్, నిజంగా గుర్తులేదు. నాకు పొద్దున ఎక్కగానే టిక్కు పెట్టే అలవాటు. మీరు దిగేసరికే పెట్టేసి ఉంటా. కొట్టెయ్యాల్సింది, కొట్టెయ్యలేదు. ఇప్పుడే కిందికి పోయి కారు తీసి చూసొచ్చా, ఆగస్టు 21. ఉంది. మీరు ముందే అడిగుండాల్సింది.

జీరో టికెట్

అడగలేరు సార్. కారు మీది కదా.

బుచ్చి బాబాయ్

నేను చెప్పలా? టిక్కులు పెట్టొద్దని ముందే చెప్పా!

లెక్కల మాష్టారు

బాబాయ్, టిక్కు తప్పు పెట్టినందుకు గొడవొచ్చింది, టిక్కు పెట్టినందుకు కాదు. అసలు ఏమీ రాసుకోకుండా పోయే కార్లలో ఇంకా ఘోరాలు చూశా. ఎవరు ఎన్నిసార్లు ఇచ్చారో ఎవరికీ గుర్తుండదు, అందరూ తామే ఎక్కువ ఇచ్చామనుకుంటారు. బుక్కు వెనక సీట్లో పెట్టండి. ఎక్కేవాళ్ళే ఎవరి టిక్కు వాళ్ళు పెట్టుకోవాలి, దిగేటప్పుడు.

తడ లారీ

ఇదేదో బాగుండాది. మా ఓనరుక్కూడా చెప్పాల, ట్రిప్పుషీటు నా కాడ పెట్టమని.

వెనక సీటు

సారూ, మా బావమరిది కారు ఒకటి మా ఇంటి ముందర ఏడాదిగా కవరు కప్పుకుని ఉండాది. వాడు బెంగళూరులో ఉంటాడు, అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్యమని నన్నే అడుగుతాడు. వాడికి చెప్పా, సరేనన్నాడు. ఇన్సూరెన్సు కూడా బతికే ఉంది, చూశా. వారం మీది, వారం నాది. బుక్కు వద్దు. పదమూడు ఇస్తదేమో మరి, నా ఖర్మ. ఒంగోలాయన చెప్పినట్టు ముందు గాలి కొట్టిస్తా.

ఆత్మకూరు రూటు

సరే సార్. సోమవారం మీ వారం. ఏడుకి మాగుంట లేఔట్ మలుపు దగ్గర ఉంటా. ఆ కారులో ఏసీ పనిచేస్తుందా?

వెనక సీటు

చేస్తది. వేసేదా లేదా అనేది నా ఇష్టం.