న్యూజెర్సీ పెరట్లో తీగ బచ్చలి ఎదగడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి):
అందరికీ నమస్కారం. ఇంట్లో మొలకెత్తించిన తీగ బచ్చలి మొక్కలను మే మొదట్లో పెరట్లో నాటాను. పగలు ఎండ బాగానే కాస్తోంది, నీళ్లకూ లోటు లేదు. అయినా నాలుగాకుల దగ్గరే ఆగిపోయి, పసుపు రంగుకు తిరుగుతున్నాయి. పక్క మడిలో పాలకూర మాత్రం కళకళలాడుతోంది. ఎరువు చాలడం లేదా? జూలై చివర్లో మా అత్తయ్యగారు వస్తున్నారు. ఆవిడకు కంద బచ్చలి కూరంటే ప్రాణం.

జవాబు:
ఎరువు జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాలకూర బాగుందన్నారు కదా, కారణం అందులోనే ఉంది. అది చలికి పెరిగే కూర, బచ్చలి ఉక్కకు పెరిగే తీగ. మీరు పగటి ఎండ చూస్తున్నారు, బచ్చలికి రాత్రి వెచ్చదనం ముఖ్యం. రాత్రిళ్లు 15 డిగ్రీల సెల్సియస్, అంటే మీ లెక్కలో 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి నిలకడగా ఉండేదాకా అది కదలదు. మీ వైపు జూన్ వచ్చేదాకా ఆ వెచ్చదనం రాదు. అప్పటిదాకా సాయంత్రం పూట మొక్కలపై పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేయండి. వేరు చుట్టూ నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే మట్టి తొందరగా వేడెక్కుతుంది. నీళ్లు కూడా తగ్గించండి, చల్లటి తడి మట్టిలో వేరు కుళ్లుతుంది.

మరో సభ్యురాలు (విజయవాడ):
అమ్మా, ఆ మొక్కలు తేరుకున్నా తేరుకోకపోయినా, కాడలు కూడా పెట్టి ఉంచండి. గింజకు పైపెంకు గట్టి. గరుకు కాగితంపై రుద్ది, రాత్రంతా నానబెట్టినా మొలకకు ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. కాడకు ఆ బాధ లేదు. మీ ఊళ్లో మన కూరగాయల దుకాణంలో బచ్చలి కట్ట దొరికితే ముదురు కాడ చూసి జానెడు ముక్క కోయండి. కింది ఆకులు తుంచి, రెండు కణుపులు మునిగేలా గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కొద్ది రోజుల్లో కణుపు దగ్గర తెల్లటి మొటిమల్లాంటివి లేస్తాయి, అవే వేర్లు. వేలెడు పొడవయ్యాక కుండీలోకి మార్చండి.

ఇక కోత. తీగ మూరెడు కాగానే చివర తుంచండి. చాలామంది జాలిపడి వదిలేస్తారు, అలా వదిలిన తీగ ఒక్కటే పైకి పోతుంది. తుంచితే ప్రతి ఆకు మొదట్లోంచి కొత్త పిలకలు వస్తాయి. కూరకు కావలసింది ఆ లేత పిలకలే. కంపోస్టు వేయాల్సింది కూడా అప్పుడే.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండీ. కాడలు ఈ రోజే తెస్తాను. ఇంకొక్క మాట. నిరుడు ఆకుల నిండా ఎర్రటి అంచుతో గుండ్రటి మచ్చలు వచ్చాయి. అదేమైనా పురుగా?

జవాబు:
పురుగు కాదు, శిలీంధ్రంతో వచ్చే ఆకుమచ్చ తెగులు. మచ్చ నడుమ తెల్లబడి, ఒక్కోసారి చిల్లు పడుతుంది. అలాంటి ఆకులు కోసి చెత్తలో పారేయండి, కంపోస్టులో వేయవద్దు. నీళ్లు ఆకులపై చల్లకుండా పొద్దున పూట మొక్క మొదట్లో పోయండి. తీగను తాడుపైకి పాకిస్తే గాలి ఆడుతుంది.

పొద్దు తగ్గేకొద్దీ, సెప్టెంబరు ప్రాంతంలో, బచ్చలి పూతకు వస్తుంది, ఆకు చిన్నదవుతుంది. ఊదా రంగు పండ్లు ముదిరాక గింజలు ఆరబెట్టి దాచుకోండి. అక్టోబరు మంచు పడకముందే రెండు కాడలు కోసి కుండీలో గుచ్చి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టండి. వచ్చే ఏడు వాటి నుంచే నాటుకోవచ్చు.