అప్‌డేట్: నాన్న కిరాణా కొట్టు సంగతి

తెనాలిలో నాన్న కిరాణా కొట్టుకి ఆన్‌లైన్ యాప్‌ల దెబ్బ తగులుతోంది, ఏం చేయమంటారని అడిగాను కదా. చాలామంది రేట్లు తగ్గించమన్నారు. అది మాత్రం చేయలేదు. సబ్బులు, బిస్కెట్ల మీద మిగిలేదే అంతంతమాత్రం, అందులో పోటీకి దిగితే కొట్టు కట్టేసుకోవడమే. ఆ సరుకు సగానికి తగ్గించేశాం.

ఆ జాగాలో బియ్యం బస్తాలు వేశాం. 1986లో బీపీటీ 5204 (సాంబ మసూరి) వరి రకం ఇచ్చిన బాపట్ల మాకు దగ్గరే, ఇక్కడివాళ్లకి బియ్యం గురించి వేరే చెప్పాలా! కొత్తవి వండితే ముద్దవుతుంది, ఏడాది నిలవైతే నీళ్లు ఎక్కువ పట్టి పొడిపొడిగా వస్తుంది. యాప్‌లో ఫొటో చూస్తే అది తెలీదు. నాన్న నాలుగు గింజలు చేతిలో పోసి కొరికి చూడమంటారు. అన్నం నచ్చకపోతే విప్పిన బస్తా అయినా వెనక్కి తీసుకుంటారు.

ఆర్డర్లు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో వస్తున్నాయి, పెద్దవాళ్లకి అదే హాయి. ఖాతా పుస్తకం అలాగే ఉంది, జీతాలు పడ్డాక ఫోన్‌పే కొడుతున్నారు.

అమ్మకం పెద్దగా పెరగలేదు గానీ మిగులు బాగుంది. కుర్రాళ్లు రాత్రి పదింటికి చిప్స్ యాప్‌లోనే తెప్పించుకుంటున్నారు, పోనీండి. ఆవకాయ సీజన్‌కి కాయల లెక్కన కారం, ఆవపిండి, ఉప్పు కట్టి ఇవ్వాలని చూస్తున్నాం. కొలత అమ్మది.