ఎలిజబెత్ వారెన్ పరిచయంలో చెరోకీ వివాదం: ఎంత రాయాలి, ఎలా రాయాలి?

కృష్ణలంక:
అమెరికా సెనెటర్ ఎలిజబెత్ వారెన్ గురించి తెలుగులో 2000 మాటల్లో జీవిత పరిచయం రాస్తున్నాను. 1949లో ఓక్లహోమా సిటీలో పుట్టడం, దివాలా చట్టం ప్రొఫెసర్‌గా పని, 2008లో బ్యాంకుల బెయిలౌట్ మీద పర్యవేక్షణ కమిటీ, 2013 నుంచి సెనేట్, 2020 అధ్యక్ష పోటీ వరకూ సాఫీగానే సాగింది. చెరోకీ అనే అమెరికా మూలవాసుల తెగతో తనకు రక్తసంబంధం ఉందని ఆమె చెప్పుకోవడం మీద వచ్చిన గొడవ దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం కోసం అబద్ధమాడిందని ఒకరంటారు, డీఎన్ఏ పరీక్షలో నిజమేనని తేలిందని ఇంకొకరంటారు. రెండు పక్షాలూ రాసేసరికి ఆ భాగమే 900 మాటలైంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ట్రంప్ ఆమెకు ఎగతాళిగా పెట్టిన "పోకహాంటస్" పేరు రాయాలా?

మానేరు:
900 మాటలంటే పరిచయంలో దాదాపు సగం. 150 నుంచి 200 మాటలు సరిపోతాయి. మీరు రెండు పక్షాలుగా చూడబట్టే అది అంత పెరిగింది. ఇక్కడ నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి ఆధారం ఒక్కోటి. ఇంట్లో పెద్దలు అలా చెప్పుకునేవారా? ఆ వంశంలో మూలవాసులెవరైనా ఉన్నారా? ఆమె చెరోకీ పౌరురాలా? ఆ మాట వల్ల ఉద్యోగం వచ్చిందా? మొదటి దానికి ఆమె మాటే ఆధారం కాబట్టి "తల్లి వైపు వారిలో చెరోకీ రక్తం ఉందని ఇంట్లో చెప్పేవారని ఆమె అంటారు" అని రాయండి, అంతే. మూడో దానికి జవాబు "కాదు" అనే. అందులో వాదనే లేదు, ఆమే ఒప్పుకున్నారు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నాలుగో దాని మీద. 1986 నుంచి 1995 దాకా న్యాయశాస్త్ర అధ్యాపకుల డైరెక్టరీలో ఆమె తనను మైనారిటీగా నమోదు చేసుకున్నారు. 1986 ఏప్రిల్‌లో టెక్సాస్ న్యాయవాదుల బార్‌కు ఇచ్చిన కార్డులో "జాతి" అన్న గీత మీద సొంత చేతిరాతతో "అమెరికన్ ఇండియన్" అని రాసి సంతకం చేశారు. ఈ వివరాలు గణాంకాల కోసమేనని ఆ కార్డు మీదే అచ్చయి ఉంది. 1996లో హార్వర్డ్ లా స్కూల్ ప్రతినిధి విద్యార్థి పత్రికతో మాట్లాడుతూ తమ అధ్యాపకుల్లో మూలవాసి ఉన్నారని ఆమె పేరే చెప్పారు. ఇవన్నీ రాయాల్సిందే, దాస్తే అన్యాయం.

అయితే తేదీలు కూడా పక్కనే పెట్టాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరింది 1987లో, అక్కడి రికార్డులో జాతి మారింది 1989లో. హార్వర్డ్‌లోనూ 1995లో చేరిన కొన్ని నెలలకే ఆ నమోదు జరిగింది. 2018 సెప్టెంబరులో బోస్టన్ గ్లోబ్ పత్రిక నాటి హార్వర్డ్ అధ్యాపకులను 31 మందిని అడిగి, నియామకంలో జాతి పాత్ర లేదని తేల్చింది. "ఉద్యోగం కోసం" అని రాయడానికి ఆధారం లేదని చెప్పేది ఈ తేదీల వరుసే.

తుంగభద్ర:
ఇక మానేరు చెప్పిన రెండో ప్రశ్న, అంటే డీఎన్ఏ సంగతి. 2018 అక్టోబరు 15న బయటపెట్టిన నివేదికను స్టాన్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త కార్లోస్ బుస్తమాంటే తయారుచేశారు. ఆమె పూర్వీకుల్లో అత్యధికులు యూరప్ వారేనని, 6 నుంచి 10 తరాల వెనక మూలవాసి ఒకరు ఉన్నారనడానికి గట్టి ఆధారం ఉందని అందులో ఉంది.

లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. తల్లి లేదా తండ్రి నుంచి సగం, తాతల తరంలో ఒకరి నుంచి పావు, ఇలా ఒక్కో తరానికి సగమవుతూ పోతుంది. ఆరో తరానికి 64లో ఒక వంతు, పదో తరానికి 1024లో ఒక వంతు. బోస్టన్ గ్లోబ్ మొదట 32లో ఒక వంతు, 512లో ఒక వంతు అని వేసి తర్వాత దిద్దుకుంది. ఆ పాత అంకెలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2012లో వచ్చిన "32లో ఒక వంతు చెరోకీ" దీనికి సంబంధం లేని ఇంకో కథ. అయిదు తరాల వెనక అవ్వ చెరోకీ అని 1894 నాటి పెళ్లి దరఖాస్తులో ఉందన్న మాట మీద అది పుట్టింది. ఆ మాట చెప్పిన వంశచరిత్ర సంస్థే తర్వాత తమ దగ్గర రుజువు లేదంది. ఈ రెంటినీ కలపొద్దు.

ఇంకొకటి, ఆ పరీక్ష ఏ తెగ అన్నది చెప్పలేదు. అమెరికాలోని తెగల నమూనాలు అందుబాటులో లేక మెక్సికో, పెరూ, కొలంబియా ప్రజల నమూనాలతో పోల్చారు. కాబట్టి "చెరోకీ అని తేలింది" అనడం తప్పు.

సీలేరు:
చెరోకీల మాటే లేకుండా ఈ వివాదం రాయడం మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. చెరోకీలకు మూడు గుర్తింపు పొందిన ప్రభుత్వాలున్నాయి. ఓక్లహోమాలోని తాలెక్వా కేంద్రంగా ఉన్న చెరోకీ నేషన్‌లో పౌరసత్వం రావాలంటే, అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ 1898 నుంచి తయారుచేసిన జాబితాల్లో నమోదైన వ్యక్తికి నేరు వారసులై ఉండాలి. రక్తం ఇంత వంతు ఉండాలన్న నియమం లేదు. యునైటెడ్ కీటూవా బ్యాండ్ పావు వంతు అడుగుతుంది, నార్త్ కరోలినాలోని ఈస్టర్న్ బ్యాండ్ 1924 నాటి బేకర్ జాబితాతో పాటు 16లో ఒక వంతు అడుగుతుంది. ఇలాంటి డీఎన్ఏ పరీక్షతో పౌరసత్వం ఇచ్చేది ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మన దగ్గర ఎస్టీ ధ్రువపత్రానికి ఆర్డీఓ విచారణ జరుగుతుంది తప్ప రక్తపరీక్ష అడగరు కదా, తెలుగు పాఠకుడికి ఆ ఒక్క పోలిక చాలు.

పరీక్ష బయటికొచ్చిన రోజే చెరోకీ నేషన్ కార్యదర్శి చక్ హోస్కిన్ జూనియర్ అది తగని పని, తప్పు అని ప్రకటించారు. 2019 జనవరి చివర్లో వారెన్ నాటి చెరోకీ ప్రధాన నాయకుడు బిల్ జాన్ బేకర్‌కు ఫోన్‌లో క్షమాపణ చెప్పారు. ఆగస్టులో అయోవాలోని సూ సిటీలో మూలవాసుల సభలో అందరి ముందూ చెప్పారు. క్షమాపణ లేకుండా ముగిస్తే చెరోకీలకూ, ఆమెకూ అన్యాయమే.

తెలుగులో వచ్చే చిక్కు ఒకటుంది. "అమెరికన్ ఇండియన్" అని ఉన్నదున్నట్టు రాస్తే మనవాళ్లు ప్రవాస భారతీయురాలు అనుకుంటారు. కార్డు మీది మాటను కోట్‌లో పెట్టి, వెంటనే "అంటే అమెరికా మూలవాసి" అని చేర్చండి. "రెడ్ ఇండియన్" అసలు వాడొద్దు.

మానేరు:
పోకహాంటస్ గురించి: ఆమె 17వ శతాబ్దపు వర్జీనియాలో పౌహటన్ స్త్రీ, చెరోకీ కాదు. ఆ పేరును ఇలా ఎగతాళికి వాడటాన్ని మూలవాసుల జాతీయ సంఘం 2017లో ఖండించింది. నన్నడిగితే తీసేయమంటాను.

సీలేరు:
నేను ఒప్పుకోను. 2018 పరీక్షకు దారితీసిన ఒత్తిడిలో ఆ పేరుకు పెద్ద పాత్రే ఉంది. తీసేస్తే ఆమె పరీక్ష ఎందుకు చేయించుకున్నారో పాఠకుడికి అర్థం కాదు. సంఘం ఖండనతో కలిపి ఒకే వాక్యంలో ఉంచండి, శీర్షికలో వద్దు.

కృష్ణలంక:
అందరికీ ధన్యవాదాలు. పేరు ఒకే వాక్యంలో ఉంచుతున్నాను. "రాజకీయ జీవితం" కింద ఇలా మొదలుపెట్టాను: "2012 సెనేట్ ఎన్నికల్లో వారెన్ చెరోకీ మూలాల ప్రస్తావన వివాదమైంది. ఆమె చెరోకీ నేషన్ పౌరురాలు కారు. 2018 డీఎన్ఏ పరీక్షలో 6 నుంచి 10 తరాల వెనక మూలవాసి పూర్వీకులు ఉన్నారని తేలింది."

తుంగభద్ర:
చివరి వాక్యం మార్చాలి. "పూర్వీకులు" కాదు, "ఒక పూర్వీకుడు లేదా పూర్వీకురాలు". "తేలింది" బదులు "ఉండవచ్చనడానికి గట్టి ఆధారం ఉందని నివేదిక పేర్కొంది" అనండి. దాని వెనకే "ఏ తెగ అన్నది అందులో లేదు" అని ఇంకో చిన్న వాక్యం చేర్చండి.