2018 తెలుగు సినిమాకి నిజంగా మంచి ఏడాదేనా? ఏ లెక్కన?

చిక్కడపల్లి ఫస్ట్‌షో

రంగస్థలం, మహానటి, గీత గోవిందం. ఈ మూడు పేర్లు చెప్పేసి 2018ని బంగారు సంవత్సరం అనేస్తున్నారు. నాకు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆ ఏడాది సంక్రాంతి గుర్తుందా? జనవరి 10న అజ్ఞాతవాసి, 12న జై సింహా, 14న రంగుల రాట్నం. జై సింహా బి, సి సెంటర్లలో (చిన్న పట్టణాలు, పల్లెల్లో) కొంత నిలబడింది గానీ పండగ కళ మాత్రం ఎక్కడా రాలేదు. మార్చి 2 నుంచి వీపీఎఫ్ (డిజిటల్ ప్రొజెక్షన్ కంపెనీలు సినిమాకి వసూలు చేసే ఫీజు) గొడవతో వారం పాటు థియేటర్లే మూతపడ్డాయి. వేసవిలో నా పేరు సూర్య, నేల టిక్కెట్టు, ఆఫీసర్. నవంబర్‌లో సవ్యసాచి, అమర్ అక్బర్ ఆంటొని. పెద్ద పేర్లున్న సినిమాలే వరసగా పడిపోయాయి.

మూడు నాలుగు పెద్ద హిట్లుంటే ఏడాది మొత్తం మంచిదైపోతుందా? 2017తో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది మేలు? అసలు దేన్ని బట్టి తేల్చాలి: వసూళ్లా, అవార్డులా, ఇప్పటికీ జనం చూస్తున్నారా అన్నదా? లెక్క తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నైజాం షేర్

ముందు గ్రాస్ (పన్నుతో కలిపి మొత్తం టికెట్ వసూలు) అంకెలు పక్కన పెట్టండి. ఏడాదికీ ఏడాదికీ పోటీ పెట్టడానికి అవి పనికిరావు. కారణం పన్ను. 2018లో వంద రూపాయలు దాటిన టికెట్ మీద 28 శాతం జీఎస్టీ, వంద లోపు అయితే 18 శాతం. 2019 జనవరి 1 నుంచి అవి 18, 12 అయ్యాయి. మల్టీప్లెక్స్‌లో పన్నుతో కలిపి 150 రూపాయల టికెట్ తీసుకోండి. 2018లో 150ని 1.28తో భాగిస్తే మిగిలేది 117 రూపాయల 19 పైసలు. 2019లో అదే టికెట్‌ని 1.18తో భాగిస్తే 127 రూపాయల 12 పైసలు. సీటు అదే, ప్రేక్షకుడు అంతే ఇచ్చాడు, కానీ సినిమా వైపు వచ్చే సొమ్ములో దాదాపు పది రూపాయల తేడా. పోస్టర్ మీద మాత్రం రెండేళ్లలోనూ అది 150గానే పడుతుంది.

పన్ను పోయాక మిగిలేది నెట్. అందులోంచి థియేటర్ వాటా పోవాలి. సింగిల్ స్క్రీన్ అయితే చాలాచోట్ల రెంట్, మల్టీప్లెక్స్ అయితే పర్సంటేజీ. అది పోయాక మిగిలిందే షేర్. ఆ షేర్‌ని బయ్యర్ (ఏరియా హక్కులు కొన్న పంపిణీదారు) కొన్న రేటుతో పోల్చినప్పుడే హిట్టో ఫట్టో తేలుతుంది. ఉదాహరణకి పది కోట్లకు కొన్న ఏరియాలో ఎనిమిది వస్తే అది నష్టం, రెండుకు కొన్నచోట నాలుగు వస్తే పండగ. అడ్వాన్స్ మీద ఇచ్చిన సినిమాకి లోటు వస్తే నిర్మాత తిరిగి సర్దాలి. ఎన్ఆర్ఏ (తిరిగి ఇవ్వనక్కర్లేని అడ్వాన్స్) మీద కొంటే ఆ దెబ్బ బయ్యరే తినాలి. అజ్ఞాతవాసి విషయంలో ఓపెనింగ్స్ లేవని ఎవరూ అనలేరు. ఆ రేట్లకు ఓపెనింగ్స్ ఒక్కటే సరిపోవు, అంతే.

ఇంట్లో కూర్చుని చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది: రెండో సోమవారం. మొదటి సోమవారం టాక్ ఎలా ఉందో చెబుతుంది. రెండో సోమవారం మ్యాట్నీకి జనం ఉన్నారంటే సినిమా నిజంగా నిలబడినట్టే. దీన్ని రోజులు లెక్కపెట్టి చూడొద్దు, సోమవారాలే లెక్కపెట్టండి. ఎందుకంటే మహానటి (మే 9), గీత గోవిందం (ఆగస్టు 15) బుధవారం వచ్చాయి. వాటికి మొదటి వారాంతమే ఐదు రోజులు. రంగస్థలం వచ్చిన మార్చి 30 శుక్రవారమే అయినా ఆ రోజు గుడ్ ఫ్రైడే, సెలవు. మొదటి రోజు అంకె చూసి ఈ మూడింటినీ మామూలు శుక్రవారం సినిమాలతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

పాత వివరాలు కావాలంటే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట పాత పేపర్ల ఫైళ్లు అడగండి. విడుదలైన మూడో శుక్రవారం నాటి సినిమా ప్రకటనల పేజీ తీయండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఏ సినిమా నాలుగు ఆటలూ ఉంది, ఏది ఒక్క ఆటకి దిగింది, ఏది ఇంకో థియేటర్‌కి షిఫ్ట్ అయింది అన్నీ అక్కడే కనిపిస్తాయి. విజయోత్సవ పోస్టర్ కంటే ఆ పేజీయే నమ్మకం.

ముషీరాబాద్ మ్యాట్నీ

అన్నా, హిట్లు లెక్కబెడ్తె ఏ ఏడాదైనా మంచిగనే కనిపిస్తది. 2018 సంగతి వేరే. ఆ ఏడాది మొదటిసారి డైరెక్షన్ చేసినోళ్ల పేర్లు తేదీల ప్రకారం రాసుకొని చూడుండ్రి.

ఫిబ్రవరి 2 ఛలో, వెంకీ కుడుముల. 10న తొలిప్రేమ, వెంకీ అట్లూరి. 16న అ!, ప్రశాంత్ వర్మ. అంటే రెండు వారాలల్లనే ముగ్గురు. మార్చి 23న నీదీ నాదీ ఒకే కథ, వేణు ఊడుగుల. జూలై 12న ఆర్‌ఎక్స్ 100, అజయ్ భూపతి. ఆగస్టు 3న ఒక్కటే దినం ఇద్దరు: గూఢచారితోని శశికిరణ్ తిక్క, చి.ల.సౌ.తోని రాహుల్ రవీంద్రన్. సెప్టెంబర్ 7న కేరాఫ్ కంచరపాలెం, వెంకటేష్ మహా. డిసెంబర్ 14న హుషారు, శ్రీహర్ష కొనుగంటి.

తొమ్మిది మంది! ఒకని సినిమాకు ఇంకొకని సినిమాకు పోలికే లేదు. ఒకటి గూఢచారి కథ, ఒకటి పెళ్లిచూపులకాడ మొదలై రాత్రంతా నడిచే కథ, ఒకటి విశాఖల కంచరపాలెంల ఉండే మనుషులనే నటులుగ పెట్టి తీసిన కథ. అందరు ఒక్కటే ఫార్ములా పట్టుకుంటె నేను గీ మాట అనకపోదును.

వీళ్లు తర్వాత ఏం చేసిండ్రో గది గూడ చూడాలె. ప్రశాంత్ వర్మ 2024ల హనుమాన్ తీసిండు. వెంకీ అట్లూరి అదే ఏడాది లక్కీ భాస్కర్ ఇచ్చిండు. శశికిరణ్ 2022ల మేజర్, వేణు ఊడుగుల గదే ఏడాది విరాటపర్వం. అజయ్ భూపతి మహాసముద్రం తర్వాత మంగళవారం తీసిండు. వానకాలం ఎట్లుండెనో వాన పడ్డనాడు తెల్వది, పంట కోసినంక తెలుస్తది. 2018 విత్తనాలు ఇప్పటిదాక పంట ఇస్తున్నయ్.

సుదర్శన్ బాల్కనీ

ముషీరాబాద్ అన్న చెప్పింది కాదనను. కానీ 2017ని తక్కువ చేయొద్దు.

ఆ సంక్రాంతికి నాలుగు రోజుల్లో మూడు సినిమాలు: జనవరి 11న ఖైదీ నంబర్ 150, 12న గౌతమీపుత్ర శాతకర్ణి, 14న శతమానం భవతి. మాస్, చారిత్రకం, కుటుంబ కథ. మూడూ నిలబడ్డాయి. ఫిబ్రవరి 17న ఘాజీ, ఏప్రిల్ 28న బాహుబలి 2, జూలై 21న ఫిదా, ఆగస్టు 25న అర్జున్ రెడ్డి. కొత్త దర్శకులూ తక్కువేం లేరు. సంకల్ప్ రెడ్డి (ఘాజీ), శివ నిర్వాణ (నిన్ను కోరి, జూలై 7), సందీప్ రెడ్డి వంగా (అర్జున్ రెడ్డి), వివేక్ ఆత్రేయ (మెంటల్ మదిలో, నవంబర్ 24).

వీళ్లు నలుగురే కావచ్చు. అర్జున్ రెడ్డి తర్వాత హీరో ఎలా మాట్లాడాలి, సినిమా నిడివి ఎంత ఉండొచ్చు అన్న లెక్కలే మారిపోయాయి. హిందీలో కబీర్ సింగ్‌గా మళ్లీ తీసి అక్కడా ఆడించారు. తొమ్మిది మంది వచ్చారా నలుగురు వచ్చారా అన్నదాని కంటే ఎవరు దారి మళ్లించారన్నది నాకు ముఖ్యం. ఆ లెక్కన 2017 ముందుంటుంది.

ఫిల్మ్‌నగర్ మిక్సింగ్

అవార్డుల మాట ఎత్తారు కాబట్టి ఒక చిక్కు చెప్పాలి. జాతీయ అవార్డులు విడుదల తేదీని బట్టి కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలే ఆ ఏడాది పరిశీలనకి వెళ్తాయి. పైన చెప్పిన శతమానం భవతినే చూడండి. థియేటర్‌కి వచ్చింది 2017 సంక్రాంతికి. ఆరోగ్యకరమైన వినోదం అందించిన జనాదరణ చిత్రంగా అవార్డు వచ్చింది మాత్రం 2016 సినిమాలకిచ్చే 64వ అవార్డుల్లో. అవార్డుల జాబితా చూసి ఏడాదికి మార్కులు వేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సంక్రాంతి సినిమాలన్నిటికీ ముందు ఈ తేదీ సరిచూసుకోవాలి.

ఇది గుర్తుపెట్టుకుని 66వ అవార్డులు చూస్తే 2018 బలం ఎక్కడుందో తెలుస్తుంది. మహానటికి మూడు: ఉత్తమ తెలుగు చిత్రం, కీర్తి సురేష్‌కి ఉత్తమ నటి, ఇంకా దుస్తులు. అ!కి మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ (రెండోది కేజీఎఫ్‌తో కలిపి). చి.ల.సౌ.కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే. రంగస్థలానికి ఫైనల్ మిక్స్ (మాట, పాట, చప్పుళ్లు అన్నీ కలిపే చివరి పని), ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కి. ఎక్కువ భాగం సాంకేతిక విభాగాలే. ఏడాదికి ఒక పెద్ద సినిమా బాగా తీయడం వేరు, నాలుగు వేర్వేరు సినిమాల్లో నాలుగు వేర్వేరు శాఖలు ఆ స్థాయికి రావడం వేరు.

రంగస్థలం మిక్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి. హీరో చిట్టిబాబుకి వినికిడి తక్కువ, ఊళ్లో అతణ్ణి సౌండింజనీర్ అంటారు. ఇలాంటి పాత్రకి శబ్దం చేయడం చాలా కష్టం. చెవి వినపడని సంగతి చూపించాలని మొత్తం వాల్యూమ్ తగ్గించేస్తే హాల్లో కూర్చున్నవాళ్లు పాత్ర చెవి సంగతి అనుకోరు, థియేటర్ స్పీకర్ పాడైందనుకుని ప్రొజెక్టర్ గది వైపు తిరిగి చూస్తారు. అందుకే శబ్దాల్ని ఒక్కొక్కటిగా ఎంచి తీయాలి. పదునైనవి ముందు పోవాలి: గాజుల చప్పుడు, ఆకుల గలగల, మాటల్లో స, ష లాంటి అక్షరాలు. అడుగున ఉండే బరువైన ధ్వనులు మిగలాలి. అప్పుడే అది వినపడని మనిషి లోకం అనిపిస్తుంది. సైలెన్స్ కూడా పూర్తి ఖాళీగా ఉండకూడదు, సన్నగా గది ధ్వని ఒకటి ఉండాలి. లేకపోతే రీలు తెగినట్టుంటుంది. ఫోన్ స్పీకర్లో చూస్తే ఈ తేడాలు సగం కూడా అందవు. కనీసం మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చిట్టిబాబు ఎదుటివాళ్ల మాట పట్టుకోవడానికి తంటాలు పడే సీన్లు చూడండి.

మహానటిలో చెప్పిన కంటి నుంచి చెప్పినన్ని చుక్కలే రాల్చే సీన్ అందరికీ గుర్తుంది. సావిత్రి గొప్పతనం చెప్పే సీన్ అది. దాన్ని మళ్లీ ఇంకో నటి చేసి ఒప్పించాలి, ఒప్పించింది. ఒక్క ఆ సీన్ కోసమైనా 2018ని తీసిపారేయలేం.

చిక్కడపల్లి ఫస్ట్‌షో

అందరికీ థ్యాంక్స్. ముషీరాబాద్ అన్న తేదీల ప్రకారం రాసుకోమన్నట్టే నేను నెలల వారీగా కాగితం మీద వేశాను. నాకు కనిపించింది ఇది. 2017లో బలం సంక్రాంతి, ఏప్రిల్, జూలై, ఆగస్టు దగ్గర కుప్పపోసినట్టుంది. 2018లో జనవరి, నవంబర్ బలహీనం. నవంబర్‌లో 17న వచ్చిన టాక్సీవాలా ఒక్కటే తేలింది, అదీ విడుదలకు ముందే పైరసీ అయి కూడా! మిగతా ప్రతి నెలా గుర్తుండే సినిమా కనీసం ఒకటుంది. జూన్‌లో 15న సమ్మోహనం, 29న ఈ నగరానికి ఏమైంది. అక్టోబర్‌లో 11న అరవింద సమేత. ఇది చూశాక 2018 వైపు మొగ్గుతున్నాను, సంక్రాంతి మచ్చ అలాగే ఉంచి.

రెండు సందేహాలు మిగిలాయి. డబ్బింగ్ సినిమాలు కలపాలా? జూన్ 1న ఆఫీసర్‌తో పాటే వచ్చిన అభిమన్యుడు తెలుగులోనే బాగా ఆడింది. డిసెంబర్ 21న అంతరిక్షం, పడి పడి లేచె మనసు రెండూ ఉండగా కేజీఎఫ్ నిలబడింది. ఇంకోటి, డిసెంబర్‌లో వచ్చి జనవరిలో ఆడే సినిమాలు ఏ ఏడాదికి వేయాలి?

నైజాం షేర్

డబ్బింగ్ వేరే వరస వేయండి, కలపొద్దు. ఏడాది మంచిదా అని అడుగుతున్నది మనవాళ్లు ఎలా తీశారని. థియేటర్లు ఎంత కళకళలాడాయని అడిగితే అప్పుడు కలపాలి. ఆ లెక్కకి అభిమన్యుడు, కేజీఎఫ్, నవంబర్ 29న వచ్చిన 2.0 అన్నీ కావాలి.

డిసెంబర్ సంగతి: విడుదల తేదీకే కట్టుబడండి. ఎంసీఏ 2017 డిసెంబర్ 21న, హలో 22న వచ్చాయి. రెండూ జనవరిలో కూడా ఆడాయి. అయినా అవి 2017వే. ఇవాళ ఒకదానికి సడలిస్తే రేపు ప్రతి హీరో అభిమానీ తనకు నచ్చిన ఏడాదిలోకి లాక్కుంటాడు.

ముషీరాబాద్ మ్యాట్నీ

ఫస్ట్‌షో అన్నా, ఆ కాగితం మీద ఇంకో గీత గియ్యి. ఈ నగరానికి ఏమైంది 2023 జూన్ 29న, సరిగ్గ ఐదేండ్లకు రీ-రిలీజ్ చేసిండ్రు. పోరగాళ్లు డైలాగులు హీరోల కంటె ముందే చెప్పిండ్రు. ఆ వసూలు 2018ల కలుపకు, వేరే రంగు పెన్నుతోని పక్కకు రాయి. 2017 కాగితానికి గూడ గట్లనే గీత గియ్యి, అప్పుడు సుదర్శన్ అన్నతోని మళ్ల మాట్లాడుదాం.