లోన్‌లన్నీ పోగా మిగిలిందే ఆదాయమా? పాప ఖర్చుకు లెక్క ఎలా కడతారు?

మేం విడిగా ఉండబట్టి ఎనిమిది నెలలైంది. పాపకు ఏడేళ్లు, నా దగ్గరే ఉంటుంది. పోషణ ఖర్చు సంగతి అడిగితే ఆయన ఒక కాగితం పంపారు. పైన జీతం, కింద ఇంటి లోన్, కారు లోన్, క్రెడిట్ కార్డు, తమ్ముడికి పంపే డబ్బు అన్నీ తీసేసి, మిగిలిన పదో వంతులోంచి ఇస్తానంటున్నారు. ఏటా వచ్చే బోనస్ ఊసే లేదు. నాకూ ఉద్యోగం ఉంది. ఇద్దరి సంపాదన కలిపితే ఆయనది 60 శాతం, నాది 40. నేను సంపాదిస్తున్నాను కాబట్టి అడగకూడదా? రోజూ రాత్రి ఆ కాగితం చూస్తూ కూర్చుంటున్నా. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1
భయపడకండమ్మా. నెలాఖరుకు చేతిలో మిగిలేది వేరు, కోర్టు చూసే ఆదాయం వేరు. పన్నులు, తప్పనిసరి కోతలు తీసేస్తారు. కారు లోన్ ఆయన ఇష్టంతో తీసుకున్నది, మామూలుగా దాన్ని తీసెయ్యనివ్వరు. మీరు, పాప ఉంటున్న ఇంటి లోనైతే దాన్ని పట్టించుకోవచ్చు. బోనస్ కూడా ఆదాయమే.

పద్ధతి చోటును బట్టి మారుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో బిడ్డ ప్రధానంగా ఒకరి దగ్గరుంటే, రెండోవారి స్థూల ఆదాయంలో (అంటే పన్నులు తీయకముందు మొత్తంలో) 17 శాతం, ఇద్దరు పిల్లలైతే 25. టెక్సస్‌లో పన్నులు పోయాక 20, 25. అమెరికాలోనే చాలా రాష్ట్రాలు ఇద్దరి ఆదాయమూ కలిపి చూస్తాయి. బిడ్డ ఖర్చు 100 అనుకుంటే మీ నిష్పత్తిలో ఆయన వాటా 60. మీ 40 పాపను పెంచడంలోనే ఖర్చవుతుంది. మీకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన ఆయన బాధ్యత పోదు.

జవాబు 2
మన దేశంలో పిల్లలకు ఇంత శాతం అని చట్టంలో లేదు. అందరూ చెప్పే 25 శాతం 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పులోది, అది భార్య భరణం గురించి. 2020లో రజ్నేశ్, నేహా కేసులో అదే కోర్టు, ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని చెప్పింది. దరఖాస్తు వేసిన తేదీ నుంచి భరణం ఇవ్వాలనీ అందులోనే ఉంది. నేను పెద్దమనుషుల మాటలు నమ్మి ఏడాదిన్నర ఆగాను. ఆ నెలల డబ్బు మా బాబుకు రాలేదు. మీరు ఆగకండి.

జవాబు 3
నేను బిడ్డ ఖర్చుకు డబ్బు కట్టే తండ్రిని. బిడ్డ ఎవరి దగ్గర ఎన్ని రాత్రులు ఉంటుందన్నది కూడా చాలా చోట్ల లెక్కలోకి వస్తుంది. స్కూల్ ఫీజు, ఆరోగ్య బీమా ఎవరు కడతారో విడిగా రాయించుకోండి, తర్వాత గొడవలు అక్కడే వస్తాయి. ఇంకోటి, నా ఉద్యోగం పోయినప్పుడు కట్టాల్సిన మొత్తం మార్చమని కోర్టును కోరకుండా ఐదు నెలలు ఊరుకున్నా. బకాయి అంతా అలాగే నిలిచింది, తర్వాత మొత్తం కట్టాను.

అడిగినవారు
అందరికీ థాంక్స్. ఇంటి లోన్ ఇద్దరం కలిసి పెట్టుకున్నప్పుడు జతచేసిన ఆయన జీతం స్లిప్పులు నా పాత మెయిల్‌లో దొరికాయి. రెండేళ్ల బోనస్‌లూ అందులో ఉన్నాయి. ప్రింట్ తీయించాను, సోమవారం లాయర్‌ను కలుస్తున్నా.