సమస్యాపూరణం: ఎండ మండు వేళ నెముక వణికె

ఈ వారం సమస్య (ఇచ్చిన పాదం) ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. దానికి ముందు మూడు పాదాలు రాసి పూరించాలి. బేసి పాదాల్లో 3 సూర్యగణాలు (గురువు-లఘువు, అంటే బరువక్షరం-తేలికక్షరం, లేదా మూడు లఘువులు), 2 ఇంద్రగణాలు (అంతకంటే పెద్ద గణాలు). సరి పాదాల్లో 5 సూర్యగణాలు. సందర్భం: ఆలుమగలు వేసవిలో ఒక పగలంతా కొండెక్కి దిగడం. ఎండలో వణుకెందుకు పుట్టిందో పద్యమే చెప్పాలి.

మొదటి పూరణ

ఆలు మగలు కలిసి యడవికొండల నెక్క
శిఖరమందు మబ్బు చీకటయ్యె,
చెమట తడిసె చొక్క, జివ్వుమనెడు గాలి,
యెండ మండు వేళ నెముక వణికె.

నిర్వాహకుడు: చెమట చొక్కా మీద గాలి తగలడం బాగా పట్టుకున్నారు. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. దానికి తడిబట్ట తోడైతే ఎండలోనూ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మబ్బు కమ్మి చీకటయ్యాక ఎండ ఎక్కడిది? సమస్య అక్కడే చెదిరిపోయింది. మరొకటి, 'తడిసెన్' ద్రుతాంతం (చివర 'న్' ఉన్న మాట), దాని తర్వాత 'చ' 'జ'గా మారుతుంది కాబట్టి 'తడిసె జొక్క' అనాలి.

రెండో పూరణ

దిగెడు దారి నిలువు, తెగజారు గులకరాల్,
చేయి పట్టి నిలిపె జీవసఖుడు,
మోయలేని బరువు మోకాలిపై బడ
నెండ మండు వేళ నెముక వణికె.

రెండో పూరణ రాసినవారు: ఇది నా అనుభవమే గురువుగారూ. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఏమీ లేదు. దిగుతూ ఒక బండ మీద కూర్చుని మోకాలి చిప్ప మీద చెయ్యి వేస్తే, లోపల సన్నగా అదురుతోంది. మావారు తన చేతికర్ర నాకిచ్చి, నాకంటే ఒక మెట్టు కింద నడిచారు.

నిర్వాహకుడు: అమ్మా, చలి జోలికి పోకుండా ఎముకను ఎముకగానే వణికించారు. నేను ఊహించని దారి ఇది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, అందుకే అంత త్వరగా అలసిపోయి వణుకుతుంది. 'తెగజారు' అన్న వాడుక మాట పద్యానికి ప్రాణం పోసింది. 'జీవసఖుడు' ఒక్కటే కాస్త బరువు. ఆ చేతికర్ర, ఆ ఒక మెట్టు కింద నడవడం పద్యంలోకి వస్తే ఇంకా ఎంత బాగుండేదో! మరో పద్యం రాయండి, ఎదురుచూస్తాను.

మూడో పూరణ

మిట్ట మధ్యాహ్నము మెరుపులు మెరసెను,
చెట్టు కింద నిలువ చేటు కాదె,
పతియు సతియు దిగిరి పరుగున లోయకు
నెండ మండు వేళ నెముక వణికె.

నిర్వాహకుడు: 'మధ్యా' రెండు గురువులు, సూర్యగణం కాదు. 'మిట్టపగలు నింగి మెరుపులు మెరసెను' అంటే గణాలూ, యతీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం సరిపోవడం) కుదురుతాయి. భావం మాత్రం నిలబడింది. 10 కిలోమీటర్ల అవతలి మబ్బు నుంచి కూడా పిడుగు పడగలదు, ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. చెట్టు కింద నిలబడొద్దన్న మాట పద్యంలో చెప్పినందుకు సంతోషం.

మొదటి పూరణ రాసినవారు: ధన్యవాదాలు గురువుగారూ. మబ్బు తీసేసి నీడ పెట్టాను.

ఆలు మగలు కలిసి యడవికొండల నెక్కి
శిఖరమందు నీడ చెంత జేర
చెమట తడిసె జొక్క, జివ్వుమనెడు గాలి,
యెండ మండు వేళ నెముక వణికె.

నిర్వాహకుడు: ఇప్పుడు ఎండా ఉంది, వణుకూ ఉంది.