అడవి పుస్తకాల్లో వేట పుస్తకం ఉండాలా, వద్దా?

బడి_సారు:
తాడ్వాయి దగ్గర ఒక హైస్కూల్లో పనిచేస్తాను. లైబ్రరీకి అడవి మీద నాలుగు మంచి పుస్తకాలు కొనాలి. ఇప్పటికి మూడు అనుకున్నా: బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'వనవాసి' (సూరంపూడి సీతారాం తెలుగు చేసింది), కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు', సలీం అలీ పక్షుల పుస్తకం. సలీం అలీది ఇంగ్లీషే, కానీ బొమ్మలున్నాయి కాబట్టి పిల్లలు ఎట్లాగూ తిరగేస్తారు. నాలుగోది జిమ్ కార్బెట్ కుమావూ పులుల పుస్తకం (ఉత్తరాది కొండల్లో మనిషిని తినే పులులను కొట్టిన వేటగాడు తనే రాసుకున్నది) అంటే, వేట పుస్తకమని స్టాఫ్ రూంలో గొడవైంది. మీరేమంటారు?

ఓరుగల్లు_చదువరి:
వనవాసి రెండు కాపీలు కొనండి సార్. ఒకటి ఎవరో ఇంటికి పట్టుకుపోతారు, తిరిగి రాదు.

రిటైర్డ్_బీట్:
ముప్పై ఏళ్ళు ఫారెస్టు బీట్ ఉద్యోగంలో పాకాల, ఏటూరునాగారం అడవుల్లో తిరిగినవాడిగా చెప్తున్నా, కార్బెట్ ఉండాల్సిందే, అదీ మొదటి స్థానంలో. చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. 1907లో ఆయన దాన్ని కొట్టాక నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరపళ్ళు విరిగి ఉన్నాయి, ఎప్పుడో తగిలిన తుపాకీ దెబ్బకు. అంటే పులిని మనిషి మీదికి మళ్ళించింది మనిషే. ఆ సంగతి అంత స్పష్టంగా రాసినవాళ్ళు తక్కువ. అడుగుజాడ చూసి మగదా ఆడదా, ఎప్పుడు నడిచింది అని చెప్పడం, దుప్పి అరుపును బట్టి పులి ఏ వైపు కదులుతోందో పట్టుకోవడం, ఇవన్నీ నేను ఆ పుస్తకంలో చదివి తర్వాత అడవిలో సరిచూసుకున్నాను. 1936లో దేశంలో మొదటి నేషనల్ పార్క్ రావడంలో ఆయన చెయ్యి ఉంది, ఇప్పుడు దానికి ఆయన పేరే.

పోడు_బిడ్డ:
పావల్‌గఢ్ బ్యాచిలర్ అని ఆ పుస్తకంలోనే ఒక పులి ఉంది కదా సార్. 1930లో కొట్టాడు. అది మనిషిని తిన్నదా?

రిటైర్డ్_బీట్:
ఆ కాలం వేరు. తర్వాత ఆయనే తుపాకీ తగ్గించి కెమెరా పట్టాడు.

పోడు_బిడ్డ:
నేనడిగింది కాలం గురించి కాదు. తిన్నదా, లేదా?

రిటైర్డ్_బీట్:
ఒక్క కథ పట్టుకుని మొత్తం పుస్తకాన్ని తీసేస్తారా?

పోడు_బిడ్డ:
తినలేదు. చాలా పెద్ద పులి అని పేరు పడింది కాబట్టి కొట్టాడు. ఆ మాట మీ నోటితో రావాలి.

పత్తి_చేను:
మాది కాగజ్‌నగర్ వైపు. 2024 నవంబర్‌లో ఇక్కడ పత్తి చేన్లో పనిచేస్తున్న ఆడామెను పులి చంపింది. ఆ తర్వాత కూలీలు తల వెనక మనిషి ముఖం మాస్కులు కట్టుకుని పత్తి ఏరారు, పులి వెనక నుంచి వస్తుందని. మా అమ్మ కూడా కట్టుకుంది. మీరు ఏ పుస్తకమైనా కొనండి, పులి అంటే భయపడేవాళ్ళు మూర్ఖులు అన్నట్టు రాసింది మాత్రం వద్దు. కార్బెట్ అట్లా రాయలేదు, చీకటి పడితే తలుపులు వేసుకునే ఊళ్ళ గురించి రాశాడు. నా ఓటు ఆయనకే.

రిటైర్డ్_బీట్:
@పోడు_బిడ్డ సరే, తినలేదు. సరదాకే కొట్టాడు. తృప్తిగా ఉందా? మీ పేరు చూస్తేనే అర్థమవుతోంది మీ కోపం పుస్తకం మీద కాదని. చెట్లు కొట్టేవాళ్ళను ఆపబోతే నా నెత్తి పగిలింది తమ్మీ, ఏడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పోడు_బిడ్డ:
అన్నా, మీ నెత్తి పగలడం తప్పే, నేను కాదనను. మా సంగతి కూడా వినండి. మా నాన్న పోడులో మక్క మోకాలెత్తు వచ్చింది. పొద్దున లేచేసరికి ఫారెస్టోళ్ళు ట్రాక్టర్ తోలి గుంతలు తీసి మొక్కలు పెట్టిపోయారు. ఆ ఏడు మా అక్క చదువు ఆగింది, మళ్ళీ మొదలు కాలేదు. ఇప్పుడు వేట సంగతి వదిలేస్తున్నా, నన్ను కాల్చేది అది కాదు. వనవాసిలో దోబ్రు పన్నా ఉంటాడు చూడండి, అడవికి రాజు, పశువులు కాసుకుంటూ కనిపిస్తాడు. అక్కడ నేను పుస్తకం మూసేశాను, రెండు రోజులు తెరవలేదు. మా తాత గుర్తొచ్చాడు. కలకత్తా నుంచి వచ్చిన మేనేజరు అడవిని కౌలుకిచ్చి, నరికించి, తర్వాత బాధపడతాడు. ఆ బాధ నిజమే, బాగా రాశాడు కూడా. కానీ ఎప్పుడు చూసినా అడవి గురించి బాధపడే హక్కు వచ్చిపోయేవాడిదేనా?

ఓరుగల్లు_చదువరి:
అందులోనే యుగళప్రసాద్ కూడా ఉన్నాడు కదా, ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు తెచ్చి అడవిలో నాటుతాడు, ఎవరూ అడగకుండానే.

రిటైర్డ్_బీట్:
కార్బెట్ 'మై ఇండియా' అంతా ఊరివాళ్ళ గురించే, పేర్లతో సహా. అది చదివారా?

పోడు_బిడ్డ:
చదివాను. అయినా రాసింది ఆయన. మీరు ఒక్కటి సూటిగా చెప్పండి. అడవిలో మనుషులుండాలా, వద్దా?

రిటైర్డ్_బీట్:
వద్దు. మిగిలిన ఆ కొంచెం లోపలి అడవిలో వద్దు. ఇన్నేళ్ళు ఈ మాట మింగి బతికాను, ఈరోజు చెప్తున్నా. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలికి మేడారం దారిలో వేల చెట్లు పడిపోయాయి. వెళ్ళి చూసి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. అందులో కొన్ని నాకు సర్వీసులో చేరిన రోజు నుంచి తెలిసిన చెట్లు.

పోడు_బిడ్డ:
మా అమ్మ తునికాకు తెంపిన చోటది. ఆమె కూడా ఏడ్చింది. ఆమె ఆ అడవిలో ఉండకూడదంటే నేను ఒప్పుకోను, ఎన్నటికీ.

రిటైర్డ్_బీట్:
ఒప్పుకోవద్దు. నేను కూడా మారను.

బడి_సారు:
ఇద్దరూ చెప్పింది మొత్తం చదివాను. కార్బెట్ కొంటున్నా, పావల్‌గఢ్ కథతో సహా. సోమవారం తొమ్మిదో తరగతికి ఆ కథ చదివి వినిపించి, ఇక్కడ అడిగిన ప్రశ్నే వేస్తాను. ఇంకో సంగతి, సలీం అలీ నిన్ననే వచ్చింది. పాలపిట్ట బొమ్మ కింద పిల్లలు అప్పుడే పెన్సిల్‌తో తమ ఇళ్ళల్లో పిలిచే పేర్లు రాసుకున్నారు. మొదట తిట్టబోయి ఆగిపోయాను.

పోడు_బిడ్డ:
అవి చెరిపేయకండి సార్. అన్ని పక్షులకూ రాయించండి.

పత్తి_చేను:
కేశవరెడ్డి పుస్తకం నా దగ్గర రెండున్నాయి. తప్పిపోయిన పంది కోసం రాత్రంతా అడవిలో తిరిగే ముసలాయన కథ, మా నాన్నకు చదివి వినిపించాను, మళ్ళీ చదవమన్నాడు. ఒకటి పంపుతా. అడ్రసు మెసేజ్ పెట్టండి.